256 ఎంబీ రూట్‌లో 50 ఎంబీ పదకోశం: ఎన్900కి ప్యాకేజీ కట్టిన తీరు

నోకియా పాత ఫోన్ ఎన్900లో 32 జీబీ ఉంది కదా, ఎంత పెద్ద యాప్ అయినా పడుతుంది అనుకుంటాం. పట్టదు. దాని ఆపరేటింగ్ సిస్టమ్ మాయెమో 5 ఉండేది 256 ఎంబీ నాండ్ చిప్‌లో. ఆ 32 జీబీ వేరే చిప్, ఈఎంఎంసీ. దాన్ని మూడు ముక్కలు చేశారు. పాటలు, ఫొటోల కోసం 27 జీబీ ఫ్యాట్, అదే మైడాక్స్. వాడేవారి ఫైళ్లుండే హోమ్ కోసం 2 జీబీ ఈఎక్స్‌టీ3 (ఫ్యాట్, ఈఎక్స్‌టీ3 అంటే ఫైళ్లు దాచే పద్ధతులు). ర్యామ్ చాలనప్పుడు వాడే స్వాప్‌కి 768 ఎంబీ. మామూలు పద్ధతిలో కట్టిన డెబ్ ప్యాకేజీ (యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) యూఎస్ఆర్ డైరెక్టరీ కింద దిగుతుంది, అంటే ఆ చిన్న చిప్‌లోకే. ఆ చిప్‌లోని చోటునే రూట్ అంటాం.

నేను కట్టింది వ్యవసాయ పదాల బొమ్మల పదకోశం. గుంటుక, గొర్రు, దంతె, కల్లం, మోట లాంటివి, పరకాల, నర్సంపేట వైపు రైతుల నోట వినే మాటలు. నెట్ లేకుండా పొలం గట్టు మీద కూడా తెరుచుకోవాలి, అందుకే డేటా అంతా ఫోన్‌లోనే. ప్రోగ్రామ్ 700 కేబీ, ఎస్‌క్యూలైట్ డేటాబేస్ 38 ఎంబీ, 1,400 జేపెగ్ బొమ్మలు 11 ఎంబీ. ఈ ఫోన్‌కి వేసే బీఎల్-5జే బ్యాటరీ హన్మకొండ చౌరస్తాలో ఇప్పటికీ దొరుకుతుంది, కాబట్టి ఈ పని దండగ కాదు.

మొదటి వెర్షన్ 1.0 కట్టే ముందు, ఖాళీ చోటు చూపే డీఎఫ్ కమాండ్‌తో చూస్తే రూట్‌లో 34 ఎంబీ ఖాళీ. 50 ఎంబీ సరుకు పట్టకూడదు, కానీ పట్టింది. ఇంకా 5 ఎంబీ మిగిలింది. రూట్ మీద ఉన్న ఫైల్‌సిస్టమ్ యూబీఐఎఫ్ఎస్, అది ప్రతి ఫైలునూ 4 కేబీ ముక్కలుగా ఎల్‌జెడ్‌ఓ పద్ధతిలో నొక్కి దాచుతుంది. తెలుగు టెక్స్ట్ దీనికి బాగా లొంగుతుంది. 'గుంటుక' తీసుకోండి. తెర మీద మూడక్షరాలు. యూనికోడ్‌లో ఆరు: గ, కొమ్ము, సున్న, ట, కొమ్ము, క. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 18. ఆ మూడింటిలో మొదటి బైటు ప్రతిసారీ అదే, రెండోది రెండు విలువల్లో ఒకటి, మారేది మూడోదే. అంత తిరిగొచ్చేది ఉంటే నొక్కడం సులువు. 38 ఎంబీ డేటాబేస్ సగం కన్నా తక్కువ చోటులో సర్దుకుంది. జేపెగ్‌లు ముందే నొక్కినవి కాబట్టి 11 ఎంబీకి 11 ఎంబీ తిన్నాయి. అందుకే ఇక్కడ ఫైళ్ల సైజు చూపే డీయూ కమాండ్ చెప్పే లెక్క నమ్మొద్దు. ఇన్‌స్టాల్‌కి ముందు, తర్వాత డీఎఫ్ కొట్టి తేడా తీసుకోవాలి.

పట్టింది కదా అని ఊరుకుంటే అసలు దెబ్బ అప్‌డేట్‌లో తగులుతుంది. ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రామ్ డీపీకేజీ పాత ఫైలు చెరిపి కొత్తది రాయదు. కొత్తదాన్ని పక్కనే 'డీపీకేజీ-న్యూ' అనే తోకతో విప్పి, అంతా సరిగ్గా వచ్చాక పేరు మారుస్తుంది. మంచి జాగ్రత్తే, కానీ ఆ కాసేపు రెండు కాపీలూ ఒకే పార్టిషన్‌లో ఉండాలి. 1.1 దగ్గర 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అని ఆగింది. ఒక ప్యాకేజీకి చోటు ఉందా అని చూసేటప్పుడు దాని పరిమాణానికి రెట్టింపు లెక్క వేయాలి. రూట్ అంచుదాకా నింపి వదిలేస్తే యాప్ ఒక్కటే కాదు, ఫోన్ బూట్ కావడమే కష్టమవుతుంది.

పెద్ద డేటాను ఎక్కడికి మార్చాలి? 27 జీబీ చూసి మైడాక్స్ అనిపిస్తుంది. అది కుదరదు. ఫ్యాట్‌లో సింబాలిక్ లింకులు (వేరే చోట ఉన్న ఫైలుకి దారి చూపేవి) లేవు, ఓనర్‌షిప్, పర్మిషన్లు నిలవవు. పైగా యూఎస్‌బీ కేబుల్ పెట్టి మాస్ స్టోరేజ్ మోడ్ ఎంచుకోగానే మైడాక్స్ ఫోన్ చేతిలోంచి కంప్యూటర్ చేతిలోకి పోతుంది, యాప్ తెరిచి ఉంటే కాళ్ల కింద నేల జారినట్టే. సరైన చోటు ఆప్ట్ అనే డైరెక్టరీ. అది హోమ్ ఉన్న 2 జీబీలోకే దారి తీస్తుంది, కేబుల్ పెట్టినా కదలదు. ఈఎక్స్‌టీ3 నొక్కదు, 38 అంటే 38 ఎంబీ పూర్తిగా పోతుంది. ఆ 2 జీబీని మిగతా యాప్‌లు, వాడేవారి సెట్టింగ్‌లు కూడా పంచుకుంటాయి, కాబట్టి అక్కడా దుబారా వద్దు.

ఇందుకోసం మాయెమో-ఆప్టిఫై అనే టూల్ ఉంది. ప్యాకేజీ కట్టేటప్పుడు పెద్ద ఫైళ్లను ఆప్ట్ కిందకి జరిపి పాత చోట లింకులు వదులుతుంది. వేరేవాళ్ల ప్రోగ్రామ్‌ని పోర్ట్ చేస్తుంటే అది చాలు. సొంత ప్రోగ్రామ్‌కి మాత్రం మొదటి రోజే ఆప్ట్ కింద ప్యాకేజీ పేరుతో డైరెక్టరీ పెట్టి, ఆ దారినే కోడ్‌లో రాసి కంపైల్ చేయడం మేలు. ఒక్కో లింకుకీ రూట్‌లో ఒక ఐనోడ్ (ఫైలు వివరాలు దాచే చోటు) ఖర్చవుతుంది. చిన్న ఫైలుని జరిపి లింకు పెడితే మిగిలేది ఏమీ లేదు.

నేను ఆగిపోయిన 1.1ని మళ్లీ కట్టేటప్పుడు డేటాను ఆప్ట్‌కి జరిపి, యూఎస్ఆర్ షేర్‌లో పాత డైరెక్టరీ పేరుతోనే ఒక లింకు పెట్టాను. కొత్త ఫోన్‌లో చక్కగా నడిచింది. 1.0 ఉన్న ఫోన్‌లో ప్యాకేజీ ఎర్రర్ లేకుండా ఎక్కింది, యాప్ తెరిస్తే ఒక్క పదం లేదు. డీపీకేజీ ఉన్న డైరెక్టరీని లింకుగా మార్చదు, ఉన్నది ఉన్నట్టు వదిలేస్తుంది. పాత ఫైళ్లు పోయాయి, ఖాళీ డైరెక్టరీ మిగిలింది, లింకు రాలేదు. ఇప్పటి డెబియన్‌లో దీనికి డీపీకేజీ-మెయింట్‌స్క్రిప్ట్-హెల్పర్ ఉంది. మాయెమోలోని డీపీకేజీ అంతకన్నా పాతది, కాబట్టి ఇన్‌స్టాల్‌కి ముందు నడిచే ప్రీఇన్‌స్ట్ స్క్రిప్ట్‌లో మనమే రాయాలి: ఆ దారిలో ఉన్నది డైరెక్టరీయేనా, లింకు కాదా అని రెండూ చూసి, అప్పుడే తీసేయాలి. రెండో పరీక్ష మరిచిపోకండి. 1.2లో కోడ్‌లోని దారే మార్చి లింకు పూర్తిగా ఎత్తేశాను.

ప్రోగ్రామ్‌నూ డేటానూ రెండు ప్యాకేజీలు చేశాను. డేటా ప్యాకేజీకి ఆర్కిటెక్చర్ 'ఆల్', అంటే ఏ ప్రాసెసర్‌కైనా సరే; ప్రోగ్రామ్ దాని మీద ఆధారపడుతుందని 'డిపెండ్స్'లో రాశాను. కోడ్‌లో చిన్న తప్పు దిద్దినందుకు ఎవరూ 50 ఎంబీ మళ్లీ దించుకోనక్కర్లేదు. ప్రోగ్రామ్‌ని, కంప్యూటర్‌లోనే మాయెమో కోసం కంపైల్ చేసే స్క్రాచ్‌బాక్స్‌లో కట్టాను. డీబగ్గింగ్ కోసం పెట్టిన 'నోస్ట్రిప్' ఆప్షన్ తీయకపోతే 700 కేబీ బైనరీ 4 ఎంబీ దాటి వస్తుంది. డేటా ప్యాకేజీని ఉబుంటు కంప్యూటర్‌లోనే కట్టాను, అక్కడ ఇంకో చిక్కు. 21.10 నుంచి ఉబుంటు డెబ్ ఫైళ్లను జెడ్‌స్టాండర్డ్‌తో నొక్కుతుంది. ఎన్900లోని డీపీకేజీకి అది అర్థం కాదు, ఎక్స్‌జెడ్ కూడా అర్థం కాదు. డీపీకేజీ-డెబ్‌కి పెద్ద జెడ్ ఆప్షన్‌తో జీజిప్ అని చెప్పి కట్టాలి.

డేటాబేస్ ఆప్ట్‌లో రూట్ యూజర్ పేరుతో ఉంటుంది, యాప్ రాయలేదు. యాప్ రాసిన క్యూటీ టూల్‌కిట్‌లో డేటాబేస్ కనెక్షన్ తెరిచేటప్పుడే రీడ్-ఓన్లీ ఆప్షన్ ఇచ్చి, వెతికిన పదాల జాబితాను హోమ్‌లో వేరే ఫైలులో పెట్టాను. తెలుగు ఫాంటు కూడా ఆప్ట్‌లోనే, యాప్ తనే ఎక్కించుకుంటుంది. యూఎస్ఆర్‌లో ఉండి తీరాల్సినవి డెస్క్‌టాప్ ఫైలు, ఐకాన్. అవి కొన్ని కేబీలే, కదపొద్దు. బూట్ మొదట్లోనే కావాల్సిన స్క్రిప్టులు, లైబ్రరీలు కూడా ఆప్ట్‌లో పెట్టకూడదు, అప్పటికి హోమ్ మౌంట్ అయి ఉండదు.

ఇంత చేసినా ఇన్‌స్టాల్ తర్వాత డీఎఫ్‌లో అనుకున్నదానికన్నా ఎక్కువ తగ్గింది. వెతికితే డీపీకేజీ సొంత లెక్కల పుస్తకం దొరికింది. ప్రతి ప్యాకేజీలోని ఫైళ్ల జాబితానూ, ఎండీ5 మొత్తాలనూ (ఫైలు చెడలేదని సరిచూసే సంఖ్యలు) అది వార్ లిబ్ కింద, అంటే రూట్‌లోనే దాచుకుంటుంది. 1,400 బొమ్మలకి 1,400 వరసలు, రెండేసి సార్లు. ఆప్ట్‌లోనూ ఒక్కో బొమ్మ చివరి 4 కేబీ బ్లాకు సగం ఖాళీగా పోతోంది. బొమ్మ ఒక్కోటి సగటున 8 కేబీయే కాబట్టి వాటిని డేటాబేస్‌లోనే బ్లాబ్‌లుగా (బైట్లు ఉన్నవి ఉన్నట్టు) ఎక్కించి, వృథా చోటు తీసేసే వ్యాక్యూమ్ కమాండ్ కొట్టాను. జాబితా 9 వరసలకు వచ్చింది, బొమ్మ తెరుచుకోవడంలో ఆలస్యమేమీ కనిపించలేదు. ఇప్పుడు రెండు ప్యాకేజీలూ కలిసి రూట్‌లో తీసుకునేది 40 కేబీ లోపే.