షాండ్లియరట!

నిద్ర పట్టట్లేదు. అంతా అపార్ట్‌మెంట్ గ్రూపు పుణ్యం.

చినవాల్తేరు ఇల్లు ఖాళీ చేసినప్పుడు తెచ్చిన సామానులో ఓ ఇనప వస్తువుంది కదా. పైన పెద్ద రింగు, దానికి చిన్న గొలుసులు, ఒక్కోదాని చివర వంకర కొక్కేలు. మా ఆయన దాని ఫొటో తీసి "ఇదేంటో చెప్పండి" అని గ్రూపులో పెట్టారు. ఇంట్లో నేనున్నాను, నన్నడగొచ్చుగా! పోర్టులో చేసి రిటైరైన పెద్దాయన పడవ లంగరన్నారు. ఒకావిడ మటన్ కొట్లో కొక్కెం అంది. ఇంకొకాయన ఫోన్లో వెతికి మరీ షాండ్లియర్ అని తేల్చేశాడు. ఒక్కరి నోటా "అనుకుంటా" అన్న మాట లేదు, అన్నీ కోర్టు తీర్పులే. "పాతాళ గరిగె, నూతిలో పడ్డ చేదలు తీసేది" అని నేను రాశాను. వెంటనే దాని కింద నాలుగు గుడ్ నైట్ బొమ్మలు వచ్చి పడ్డాయి. ఎవరూ చూళ్ళేదు.

మా వీధి మొత్తానికి అది అమ్మమ్మ దగ్గరే ఉండేది. చేంతాడు తెగితే ఎవరైనా మా గుమ్మం ఎక్కాల్సిందే. ఇత్తడి చెంబో గ్లాసో తాకట్టు పెట్టించుకుని గానీ ఇచ్చేది కాదు. మరి దీన్నే నూతిలో పడేస్తే తీయడానికి ఇంకోటేదీ? ఎండ నిలువుగా దిగే మిట్టమధ్యాహ్నమే ఆ పని. నేను గట్టు దగ్గర అద్దం పట్టుకుని వెలుగుని అడుక్కి కొట్టేదాన్ని. మావయ్య తాడు వదిలి, అడుగు తగిలాక మెల్లగా చుట్టూ తిప్పేవాడు. బరువు తెలియగానే గుంజితే జారిపోతుంది, కాస్త ఆగాలి. కొక్కేలు అన్ని వైపులా వేలాడతాయి కాబట్టి చేద ఎలా పడున్నా పిడి ఏదో ఒకదానికి చిక్కేది. ఓసారి ఎప్పుడో పోయిన మరచెంబు కూడా పైకొచ్చింది. అది మాదంటే మాదని రెండిళ్ళ వాళ్ళూ మాటలు మానేశారు.

పోర్టాయన మీద మాత్రం ఇప్పుడు కోపం లేదు. చిన్న పడవల లంగరు కూడా ఇలాగే కొక్కేలతో ఉంటుంది, ఫిషింగ్ హార్బర్లో చూశాను. దాని కొమ్ములు కడ్డీకి బిగించి ఉంటాయి, అడుగుని పట్టుకోవాలి కదా. ఇవి వదులుగా ఊగాలి. పాపం, ఆయన జీవితమంతా చూసింది చెప్పారు. ఆ షాండ్లియర్ మనిషిని మాత్రం వదలను.

ఎందుకంటే మా ఆయనకి అదే నచ్చింది! హాల్లో వేలాడదీసి, కొక్కేనికో బల్బు పెడతారట. నూతి సామాను నెత్తి మీదా అని సాయంత్రం అరిచాను. ఇప్పుడాలోచిస్తే, బాల్కనీలో వదిలేస్తే ఈ ఉప్పుగాలికి పొడైపోయేలా ఉంది. వాడదామంటే నుయ్యి లేదు, మాకున్నది బోరు. సరే, కట్టుకోమంటాను. రంగు మాత్రం వెయ్యనివ్వను, తుప్పు గీకి కొబ్బరినూనె రాస్తే చాలు. వైర్లు ఇనుముకి తగలకుండా బిగించే మంచి ఎలక్ట్రీషియన్ ఎవరైనా ఉంటే చెప్పండి. మా గీజరు పెట్టినాయన తప్ప.