బైటుకు హద్దు ఉంది, సందేశానికి లేదు

ఆర్డుయినో ఊనో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డును డెస్క్‌టాప్‌కు కలిపి, సెన్సర్ విలువలను పైథాన్ ప్రోగ్రాంతో చదవాలనుకునేవారు మొదట తడబడేది బాడ్ రేటు (సెకనుకు ఎన్ని బిట్లు వెళ్లాలన్న వేగం) దగ్గర. రెండు వైపులా ఒకే అంకె వేసి, తెర మీద అక్షరాలు సవ్యంగా కనిపించాక ఇక పని ముగిసిందనుకుంటారు. నా లెక్కలో అప్పటికి అయినది సగమే.

బిట్లను ఒకదాని వెంట ఒకటిగా పంపే సీరియల్ లైన్ మీద మాట్లాడుకునే రెండు పక్షాలకూ ఉమ్మడి గడియారం లేదు. ఖాళీగా ఉన్నంతసేపూ హై స్థాయిలో ఉండే లైన్ కిందికి దిగినప్పుడు దానిని బైటు మొదలైందని తెలిపే స్టార్ట్ బిట్‌గా గుర్తించి, అందుకునే చిప్ తన సొంత గడియారంతో కాలం కొలుచుకుంటూ, ఒక్కో బిట్ నడిమధ్యన లైన్‌ను చూసి, అతి తక్కువ విలువ గల బిట్ మొదలుగా ఎనిమిదింటినీ ఏరుకుని, చివరికి బైటు ముగింపును తెలిపే స్టాప్ బిట్ హైలో ఉందో లేదో సరిచూసుకుంటుంది. స్టాప్ బిట్ మధ్యకు చేరేసరికి తొమ్మిదిన్నర బిట్ల కాలం గడిచి ఉంటుంది; అప్పటికి పేరుకున్న తేడా అర బిట్‌కు మించకూడదు. అంటే రెండు గడియారాల మధ్య కాగితం మీద సుమారు 5 శాతం, ఆచరణలో అంతకన్నా తక్కువ తేడా మాత్రమే చెల్లుతుంది.

ఊనోలోని ప్రధాన చిప్ ఏటీమెగా328పి 16 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది కనుక, ఆ సంఖ్యను పూర్ణాంకంతో భాగించి ఏ వేగం వస్తే దానితోనే సరిపెట్టుకోవాలి. 9600 అడిగితే 9615 వస్తుంది. దీనితో ఏ ఇబ్బందీ లేదు. 115200 అడిగితే ఆర్డుయినో లైబ్రరీ నిజానికి 117647 ఇస్తుంది, అంటే 2.1 శాతం ఎక్కువ. అయినా ఊనోలో అది చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే యూఎస్‌బీ వైపు ఉన్న ఏటీమెగా16యూ2 చిప్ కూడా 16 మెగాహెర్ట్జ్‌దే, అదీ అదే తప్పు చేస్తుంది. త్రీడీ ప్రింటర్లలో తరచూ కనిపించే 250000 మాత్రం శేషం లేకుండా వస్తుంది. చిప్‌లోనే యూఎస్‌బీ ఉన్న లియొనార్డో వంటి బోర్డులలో బాడ్ రేటు దాదాపు నామమాత్రమే.

ఇంతవరకు హార్డ్‌వేర్ చూసుకుంటుంది. బైటు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో అది చెబుతుంది కానీ, సందేశం ఎక్కడ మొదలైందో చెప్పదు. సెన్సర్ విలువ 1023ను println అనే ఆదేశంతో అక్షరాలుగా పంపితే నాలుగు అంకెలు, రెండు ముగింపు గుర్తులు కలిపి ఆరు బైట్లు. స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి బైటుకు పది బిట్లు పడతాయి; 9600 వేగంలో సెకనుకు 960 బైట్లే వెళ్తాయి కాబట్టి 160 విలువలకు మించి పంపలేము. కొత్త లైన్ గుర్తే హద్దు కావడం ఈ పద్ధతిలోని సుఖం. వేగం కోసం విలువను నేరుగా రెండు బైట్లుగా పంపితే ఆ హద్దు మాయమవుతుంది. 512 అంటే 2, 0 అనే రెండు బైట్లు; వరుసగా 512లు వస్తున్నప్పుడు ఒక్క బైటు జారిపోతే చాలు, అక్కడి నుంచి అన్నీ 2లుగా కనిపిస్తాయి, ఏ దోష సూచనా రాదు. 255ను హద్దుగా పెడదామంటే 767 (2, 255)లోని రెండో బైటు కూడా 255 అవుతుంది.

ఇక్కడ నాకు నచ్చిన దారి, 1983లో వచ్చిన మిడి సంగీత ప్రమాణానిది. అందులో ఆదేశపు బైటుకు పై బిట్ (అతి ఎక్కువ విలువ గలది) 1, దత్తాంశపు బైటుకు 0. 0 నుంచి 1023 వరకు ఉండే మన పది బిట్ల విలువకూ ఇది అతుకుతుంది: మొదటి బైటులో పై బిట్ 1గా ఉంచి విలువలోని పై మూడు బిట్లు, రెండో బైటులో పై బిట్ 0గా ఉంచి మిగిలిన ఏడు బిట్లు పెట్టాలి. బైట్లు రెండే, హద్దు మాత్రం ప్రతి విలువకూ ఉంటుంది. డెస్క్‌టాప్‌లో పోర్టు తెరవగానే అది పంపే డీటీఆర్ అనే సంకేతం వల్ల ఊనో రీసెట్ అవుతుంది కాబట్టి మొదట్లో వచ్చేదానిని ఎలాగూ నమ్మలేము. డెస్క్‌టాప్ ప్రోగ్రాం కొద్దిసేపు ఆగి, అప్పటివరకు చేరినదంతా పారవేసి, పై బిట్ 1 ఉన్న బైటు కనిపించేవరకు మిగతావాటిని వదిలేస్తూ పోయి, అక్కడి నుంచి జతలుగా చదవాలి. జతలో రెండో బైటుకు కూడా పై బిట్ 1 ఉంటే మొదటిదానిని వదిలి, రెండోదానితో కొత్త జత మొదలుపెట్టాలి.