కొట్టివేసిన వాక్యం

రాత్రి పదకొండు దాటింది. బుజ్జి నిద్రపోయాడు. ఈయన టీవీ కట్టేసి పడుకున్నారు. బయట సన్నగా తుంపర పడుతున్నది. సార్వా చేలు పొట్ట మీద ఉన్న వేళ ఈ వాన ఎంతవరకు వస్తుందోనని ఊరంతా ఆకాశం వంక చూస్తున్న రోజులివి. కాని నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం వాన కాదు. బల్ల మీద, నా కళ్ళజోడు పెట్టె కింద, బుజ్జి పుస్తకంలోంచి చింపిన రూళ్ళ కాగితం ఒకటి ఉన్నది. అందులో నాలుగో వాక్యం మీద ఈ మూల నుంచి ఆ మూల దాకా ఎర్ర సిరాతో ఒక గీత ఉన్నది. పొద్దున పది గంటల నుంచి ఆ గీత నా కళ్ళ ముందు నుంచి కదలడం లేదు.

ఈ వారం బడిలో ప్రార్థన వేళ 'నేటి విశేషం' చదవడం వాడి తరగతి వంతు. నిన్న రాత్రి అన్నం తిన్నాక అమ్మమ్మా మనవడూ కూర్చుని అక్టోబరు 13కి ఏమున్నదో వెతికాము. వెతకబోయే ముందు, నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటి వాడికి చెప్పాను. 1582లో ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ వంటి దేశాలలో అక్టోబరు 13 అనే తేదీయే రాలేదు. పాత లెక్క ప్రకారం సంవత్సరానికి పదకొండు నిమిషాల చొప్పున ఎక్కువ లెక్కపెడుతూ రావడంతో శతాబ్దాల మీద ఆ తేడా పది రోజులకు పెరిగింది. దానిని సరిచేయడానికి పదమూడవ గ్రెగరీ పోపు ఆజ్ఞ మేరకు అక్టోబరు 4 గురువారం గడిచిన మర్నాడు శుక్రవారాన్ని అక్టోబరు 15గా లెక్కపెట్టారు. వారం తప్పలేదు, తేదీలే పోయాయి. వాడు కళ్ళు పెద్దవి చేసి, "అయితే ఆ ఏడాది పదమూడో తారీకున అక్కడ ఎవరూ పుట్టలేదా అమ్మమ్మా?" అని అడిగాడు. పుట్టలేదని చెప్పాను. ఆ మాట వాడికి ఎంత నచ్చిందంటే చేయి కడుక్కోవడానికి వెళ్ళి వచ్చి మళ్ళీ అడిగాడు.

చివరకు నాలుగు విశేషాలు ఏరాము. మొదటిది, 1884లో వాషింగ్టన్‌లో ఇరవై అయిదు దేశాల ప్రతినిధులు కూర్చుని, ఇరవై రెండు ఓట్లతో గ్రీనిచ్ రేఖను సున్నా రేఖాంశంగా ఒప్పుకొన్నది ఈ తేదీననే. రెండవది, 1911లో హిందీ నటుడు అశోక్ కుమార్ పుట్టినది, 1987లో ఆయన తమ్ముడు, గాయకుడు కిశోర్ కుమార్ పోయినది ఈ తేదీననే. మూడవది, 1948లో కవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్ పుట్టుక. నాలుగవది నా ముచ్చట: 1936లో కాకినాడలో వీణ చిట్టిబాబు గారి పుట్టుక. ఆ వాక్యాన్ని వాడు తన దస్తూరిలో, 'మన గోదావరివారు' అనే మాట కలిపి, మిగతావాటికంటె కుదురుగా రాసుకున్నాడు.

ఆ వాక్యమే కొట్టివేయబడింది. పొద్దున చదవడానికి ముందు కాగితం చూసిన మేడం, "చిట్టిబాబు అంటే ఇంట్లో పిలుచుకునే పేరు కదా, అసలు పేరేమిటి?" అని అడిగారట. వీడు తెలియదన్నాడు. ముద్దుపేర్లు ప్రార్థనలో చదవకూడదని చెప్పి ఆవిడ గీత కొట్టి, ఆ చోట 1792లో అమెరికా అధ్యక్ష భవనానికి పునాదిరాయి వేసిన సంగతి చదివించారు. వీడు చదివేసి వచ్చాడు. పది గంటలకు, మరచిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికి నేను బడి గేటు దగ్గరకు వెళితే, ఆ కాగితం నా చేతిలో పెట్టి, "నాది పోయింది అమ్మమ్మా" అన్నాడు. అంతే అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు కనుక అది ఎందుకో విడమరచి రాసుకుంటాను. కిశోర్ కుమార్ అసలు పేరు ఆభాస్ కుమార్ గంగూలీ. అశోక్ కుమార్ అసలు పేరు కుముద్‌లాల్. కిశోర్, అశోక్ అన్న పేర్లు రెండూ అదే కాగితంలో, కొట్టివేసిన వాక్యానికి రెండు రూళ్ళ పైన ఉన్నాయి. వారి అసలు పేర్లు ఎవరూ అడగలేదు. వారు ఆ పేర్లతోనే లోకానికి తెలుసు, అందుచేత ఆ పేర్లే అసలైనవయ్యాయి. చిట్టిబాబు అన్న పేరు కూడా అంతే కదా! ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా వెళితే చేరే కాకినాడలో పుట్టి, ఆ వంతెన కింది గౌతమి పాయకు అవతలే ఉన్న ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారి దగ్గర శిష్యరికం చేసి, కోయిల కూతను వీణ మీద పలికించి దేశదేశాల వారి చేత ఔననిపించుకున్న మనిషికి, మన పిల్లలు నిలబడి దండం పెట్టే చోట ఒక్క వాక్యం దక్కకపోవడమేమిటి? పునాదిరాయి మీద నాకు కక్ష లేదు. నుస్రత్ గారి మీద అసలే లేదు, ఆయన గొంతు విన్న రాత్రి నేను నిద్రపోలేదు. కాని పిల్లవాడు తన ఊరి పక్క మనిషిని తన చేతితో రాసి తీసుకువెళ్ళినప్పుడు, దానిని తీసివేసి సముద్రాల అవతలి రాయిని ఆ చోట పెట్టడం నాకు సరిగా తోచలేదు.

ఈ కోపం వెనక మా ముమ్మిడివరం అత్తయ్య ఉన్నదని నాకు తెలుసు. ఆవిడ వీణ సంగతి ఇదివరకు ముక్కలు ముక్కలుగా రాశాను కాని మొత్తం ఎప్పుడూ రాయలేదు. అది బొబ్బిలి నుంచి తెప్పించిన ఏకాండి వీణ. ఒకే పనస దుంగను తొలిచి కుండ, దండి అన్నీ చేసినది. పెళ్ళయి కాపురానికి వెళ్ళిన నాడు దానిని పడవలో ఒడిలో పెట్టుకుని వెళ్ళిందని నాన్నగారు చెప్పేవారు. అత్తవారింట అది చాలా ఏళ్ళు గుడ్డ సంచిలో గోడకు వేలాడింది. వేసవి సెలవులకు నేను వెళ్ళినప్పుడు మాత్రం దించేది. దండి మీద స్వరాలు పలికే ఇరవై నాలుగు మెట్లూ మైనం మీద కూర్చుని ఉంటాయి కనుక మండుటెండలకు మైనం మెత్తబడి స్వరం జారుతుందని, పగలు తీయనిచ్చేది కాదు. పొద్దువాలాక, కాలువ గట్టు మీద నుంచి గాలి తిరిగాక, అరుగు మీద చాప పరచి కూర్చునేది. ముందు రేడియో పెట్టేది. విజయవాడ కేంద్రంలో చిట్టిబాబు గారి వీణ వచ్చే రోజున ఉదయం నుంచే రేడియో సెల్సు నాలుగూ ఎండలో ఆరబెట్టి ఉంచేది, మధ్యలో గొంతు తగ్గకూడదని. పాట అయిపోగానే కట్టేసి, తాను విన్న ఒకే ఒక్క సంగతిని, ఒక జారును, ఒక మీటును, తన వీణ మీద వెతుక్కునేది. రాకపోతే మళ్ళీ వెతికేది. మావయ్యగారు భోజనానికి పిలిచేదాకా అదే పని. మొత్తం కీర్తన ఒక్కటీ ఆవిడ వాయించగా నేను వినలేదు. ఆ వెతుకులాటే విన్నాను. ఇప్పటికీ వీణ అంటే నాకు గుర్తు వచ్చేది కచేరీ కాదు, ఆ చీకటి అరుగు మీద ఒకే స్వరం చుట్టూ తిరిగే ఆ వేలు.

1996 ఫిబ్రవరి 9న చిట్టిబాబు గారు పోయారు. వార్త విని అత్తయ్య వీణను దించి, తుడిచి, దీపం దగ్గర పెట్టిందట. అదే ఏడు నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమ మీద ఏమి చేసిందో ఇక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. లక్షల కొబ్బరి చెట్లు పడిపోయిన ఆ రాత్రి వాళ్ళ పెరటి చెట్టు ఒకటి పెంకుటింటి నడి కొప్పు మీద పడింది. మేము దారి దొరికించుకుని వెళ్ళేసరికి వీణ రెండు రోజులుగా నీళ్ళలో ఉన్నది. ఒకే చెక్క కావడం వల్ల కుండ విడిపోలేదు. పై పలక మాత్రం లేచిపోయింది, మైనం బురదలో కలిసిపోయింది, మెట్లు కొన్ని దొరికాయి. అత్తయ్య వాటిని ఏరి చెంగులో మూటకట్టింది. పదిహేడో పద్దెనిమిదో అయ్యాయి. మిగతావి ఆ తరువాత నెల రోజులు, చెత్త ఎత్తిన ప్రతిసారీ, వంగి వెతికింది.

ఇంతదాకా రాసి ఆగిపోయాను. ఆ అత్తయ్యకు చిట్టిబాబు గారి పుట్టినరోజు ఏ తేదీయో తెలియనే తెలియదు. ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. ఆవిడకు తెలిసినవి తిథులు. పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజ స్వామిని తలచుకునేది. నరక చతుర్దశి నాడు తలంట్లు అయ్యాక, ఇది ముత్తుస్వామి దీక్షితుల వారు పోయిన రోజని చెప్పేది. అది ఇంగ్లీషు లెక్కలో 1835 అక్టోబరు 21 అని నేను చాలా పెద్దదాన్ని అయ్యాక తెలుసుకున్నాను. తేదీ తెలియకుండానే ఆవిడ ఒక జీవితమంతా చిట్టిబాబు గారిని విన్నది. మరి ప్రార్థనలో ఒక తేదీ చదవలేదని నేను ఇంత బాధపడటం దేనికి? ఆ చిన్న వాక్యం చదివి ఉంటే మాత్రం పిల్లలలో ఎవరికైనా వీణ వినిపించేదా? సాయంకాలం కాఫీ కలుపుతూ దాదాపు ఇదే నిశ్చయానికి వచ్చాను.

కాని కిశోర్ కుమార్ వాక్యం దగ్గర మళ్ళీ ఆగాను. తన డెబ్బై ఆరవ పుట్టినరోజు నాడు తమ్ముడు పోయాడని, ఆ తరువాత అశోక్ కుమార్ పుట్టినరోజు చేసుకోవడం మానేశారు. ఆ మనిషికి తేదీ వట్టి అంకె కాదు. అక్టోబరు నెలే అలాంటిది. సంగీత దర్శకులు సాలూరి రాజేశ్వరరావు గారు 1922లో ఈ నెల 11న పుట్టి, 1999లో ఈ నెల 25న పోయారు. హిందీ సినిమా సంగీత దర్శకుడు ఎస్.డి.బర్మన్ 1906 అక్టోబరు 1న పుట్టి, 1975 అక్టోబరు 31న పోయారు. నెల మొదటి రోజు, నెల చివరి రోజు! గజల్ గాయని బేగం అఖ్తర్ 1914 అక్టోబరు 7న పుట్టి, 1974 అక్టోబరు 30న పోయారు. ఇవి పక్కపక్కన రాసుకుంటే నా మనసులో ఏదో కదులుతుంది. ఆ కదలిక బుజ్జికి కూడా కలగాలనే కదా నిన్న రాత్రి కూర్చున్నది.

ఇక దాచకుండా రాస్తాను. చిట్టిబాబు గారి అసలు పేరు నాకు తెలుసు. చల్లపల్లి హనుమానులు. అయిదేళ్ళ పిల్లవాడుగా ఉండగా, తండ్రి రంగారావు గారు వీణ వాయిస్తూ ఒక స్వరం తప్పితే, పక్కనే ఉన్న ఈ పిల్లవాడు అది తప్పని చెప్పి దిద్దాడు. ఆ తండ్రి ఆనందం పట్టలేక, ఇంట్లో పిలుచుకునే చిట్టిబాబు అన్న పేరునే పిల్లవాడి పేరుగా మార్చి, పాఠం మొదలుపెట్టారు. ఇంత మంచి కథ నాకు తెలిసి ఉండి, 1582 సంగతి రెండుసార్లు చెప్పడానికి తీరిక ఉండి, దీనిని మాత్రం వాడికి చెప్పలేదు. చెప్పి ఉంటే మేడం అడిగిన ప్రశ్నకు వాడు తడుముకోకుండా జవాబు చెప్పేవాడు. ఆ కథ పిల్లలందరి చెవినా పడేది. ఆవిడ అడిగినది తప్పు ప్రశ్న కాదు. గీత కొట్టడం తొందరపాటే, ఆ మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. కాని ఆ ఎర్ర సిరాలో సగం నాది.

రాత్రి అన్నాల దగ్గర ఆ కథ చెప్పాను. చెప్పాక కోయిల వీణ పెట్టాను. బుజ్జి కలిపిన ముద్ద అలాగే పట్టుకుని విన్నాడు. అయిపోయాక, "తండ్రి తప్పు చెబితే ఆయనకు కోపం రాలేదా?" అని అడిగాడు. రాలేదన్నాను. కాసేపాగి, "మరి ముమ్మిడివరం తాతమ్మ అసలు పేరేమిటి?" అన్నాడు. ఇన్నేళ్ళలో వాడికి ఆ పేరు చెప్పిన జ్ఞాపకం నాకు లేదు. చెప్పాను. పుట్టినరోజు ఎప్పుడన్నాడు. బహుధాన్య నామ సంవత్సరంలో, అట్లతద్ది నాడు, తెల్లవారుజామున ఆడపిల్లలు చద్ది తిని ఉయ్యాలలకు పరుగెత్తుతున్న వేళ పుట్టానని ఆవిడే చెప్పుకునేది. వాడు ఫోనులో లెక్క చూసి అది 1938 అక్టోబరు అని తేల్చాడు. చిట్టిబాబు గారికంటె రెండేళ్ళు చిన్న. ఆవిడ కూడా ఈ నెల మనిషేనని నాకు ఈ రాత్రి దాకా తట్టలేదు.

వాడు కుర్చీ వేసుకుని ఎక్కి గోడ క్యాలెండరు దించాడు. ఈ ఏటి అట్లతద్ది గడిలో పెన్సిలుతో తాతమ్మ పూర్తి పేరు రాశాడు. తరువాత పదమూడో తారీకు గడిలో రాయబోతే చోటు చాలలేదు. 'హనుమానులు' దగ్గర రెండుసార్లు చెరిపి, అక్షరాలు సన్నం చేసుకుని, దాని కింద చిట్టిబాబు అని రాసి, మళ్ళీ మేకుకు తగిలించి వెళ్ళి పడుకున్నాడు.