ఫోన్ చూస్తూ నడిపే కారు పక్కన సైకిల్

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 11 మీటర్లు పోతుంది. డ్రైవరు వాట్సాప్ మీద రెండు సెకన్లు కళ్లు పెడితే 22 మీటర్లు గుడ్డిగా నడిపినట్టే. అలాంటి బండిని వెనక నుంచే పసిగట్టొచ్చు: లేన్లో అటూ ఇటూ జారుతుంది, గ్రీన్ పడ్డా కదలదు. దాని ఎడమ పక్కన దూరకండి, ఇండికేటర్ వెయ్యకుండానే తిరిగేస్తుంది. వెనకే ఆగండి.

నన్నడిగితే ఇంతకన్నా ప్రమాదం ఆగి ఉన్న కారుతోనే. తలుపు దాదాపు మీటరు తెరుచుకుంటుంది కాబట్టి, సైకిల్ హ్యాండిల్ చివరకీ కారుకీ మధ్య కనీసం అంత ఖాళీ వదలాలి. వెనక హారన్లు మోగుతాయి, మోగనివ్వండి. బ్రేక్ లైట్ అప్పుడే ఆరినా, లోపల తల కదిలినా వేళ్లు బ్రేకు మీదే ఉండాలి. కారులో ఉన్నవాళ్లు కుడి తలుపును ఎడమ చేత్తో తీస్తే ఒళ్లు దానంతటదే తిరిగి, వెనక వచ్చే సైకిల్ కంటపడుతుంది.