సదరం శిబిరంలో ఒక పూట

2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన చేపట్టినప్పుడు, పోలియోతో చిన్ననాడే ఎడమ కాలు చచ్చుపడిన మా అన్నయ్యను వైకల్య శాతాన్ని నిర్ధారించే సదరం శిబిరానికి, వైద్య పరీక్షకు తీసుకువెళ్లాను. డాక్టరు కాలికి ఊతంగా కట్టుకునే కాలిపర్ విప్పమన్నారు. అన్నయ్య తోలు పట్టీలు ఒక్కొక్కటే విప్పి, గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి బల్ల మీద కూర్చున్నాక, ఆయన టేపుతో రెండు కాళ్ల పొడవూ కొలిచి, మోకాలు మడిచి చూసి, కాగితం మీద అంకెలు వేసుకున్నారు. పది నిమిషాల్లో అంతా అయిపోయింది. ఆయన పనిలో లోపమేమీ లేదు, చూడమన్నవన్నీ చూశారు. అయితే మా ఊరి బస్సు మెట్టు ఎంత ఎత్తో, వానాకాలం రాత్రుల్లో అన్నయ్యను దొడ్లోకి ఎవరు పట్టుకుని తీసుకువెళతారో, అందుకోసం వదిన ఎన్ని పనులు వదులుకుంటుందో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

మా ముందు వరసలో ఉన్నామె కుడిచేతి మూడు వేళ్లు పిండిమరలో పోయాయి. బొటనవేలు మిగిలింది కాబట్టి లెక్క పింఛనుకు కావలసిన 40 శాతానికి చేరలేదు. ఆమె జీవనాధారం కుట్టుపని. కత్తెర పట్టలేని చేతికీ, ఆ గాయంతోనే కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేసుకోగలిగిన చేతికీ వైకల్యాన్ని లెక్కగట్టే పట్టిక ఇచ్చే శాతం ఒక్కటే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల రకాలను 7 నుంచి 21కి పెంచడమే కాక, శరీర లోపం చుట్టూ ఉన్న అవరోధాలతో కలిసి మనిషిని సమాజంలో పాలుపంచుకోనివ్వని స్థితినే వైకల్యంగా నిర్వచించింది. అదే చట్టం 38వ సెక్షన్‌లో, ఎక్కువ సహాయం అవసరమైనవారు దరఖాస్తు చేసుకుంటే ఒక బోర్డు పరిశీలించి ఎలాంటి సహాయం కావాలో సిఫారసు చేయాలని ఉంది. ఆ దారిన సహాయం అందుకున్నవారు మా మండలంలో నాకింతవరకు కనిపించలేదు. వీరిని పిలిచే పేరు మాత్రం వికలాంగుల నుంచి దివ్యాంగులకూ, విభిన్న ప్రతిభావంతులకూ చకచకా మారిపోయింది.

డబ్బు విషయంలో రాష్ట్రాలను పెద్దగా తప్పుపట్టలేను. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలైంది. తెలంగాణలో 2023 నుంచి 4,016 ఇస్తున్నారు. కేంద్రం వాటా మాత్రం 2012 నుంచీ నెలకు 300 రూపాయలే, అదీ 80 శాతం వైకల్యం ఉన్న పేదలకే.

మాట వైకల్యం 44-45 శాతం ఉందని ఒక విద్యార్థికి వైద్య విద్యలో సీటు నిరాకరించిన కేసులో, శాతం ఒక్కటే చూసి అనర్హుడనకూడదని, ఆ చదువు చదవగలడా లేదా అన్నది బోర్డు పరిశీలించాలని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. సీటుకు అడిగిన ఆ ప్రశ్ననే పింఛనుకూ అడగాలన్నది నా అభిప్రాయం. డాక్టరు పరీక్ష తరువాత గ్రామ సచివాలయం నుంచి ఒకరు ఇంటికి వచ్చి, ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో చూసి రాసే నివేదికకు కూడా నిర్ణయంలో చోటుండాలి.

అన్నయ్య పింఛను కొనసాగింది. అప్పీలు చేసుకోవచ్చని అక్కడి ఉద్యోగి ఆ కుట్టుపని ఆమెకు మర్యాదగానే చెప్పాడు. అప్పీలులో మరో డాక్టరు చూసేదీ ఆ వేళ్లనే, ఆ పట్టికతోనే.