బావకి ఆకలి వేస్తేనే తినాలట

పడుకుందామని లైటు తీసేశాను కానీ బావ మాట బుర్రలోంచి పోవడం లేదు, అందుకే మళ్లీ లేచి కూర్చున్నాను. వచ్చే సైకిల్ టూర్‌కి సామాన్లు అనుకుంటున్నాం ఫోన్‌లో. ట్యూబులు, పంపు, రెయిన్‌కోటు అన్నీ ఓపిగ్గా రాసుకున్నాడు. తిండి దగ్గరికి వచ్చేసరికి, "ఆకలేసినప్పుడు తింటాం లేరా, దానికి కూడా ప్లానింగా?" అన్నాడు.

రోజంతా సైకిల్ తొక్కేవాడు ఆకలేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైపోతుంది. ఈ సంగతి బావకి తెలియక కాదు. పోయినసారి ఆ ఎక్కుడు దారి మీద జరిగింది ఆయనకే కదా!

బావ నోరు మామూలుగా మూతపడదు. ఆ రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి మాటలు ఆగిపోయాయి. ఏమైందని అడిగితే విసుక్కున్నాడు. కాసేపటికి ముందు చక్రం అటూ ఇటూ ఊగడం మొదలైంది. సైకిల్ పక్కన పడేసి గట్టు మీద కూలబడ్డాడు. బిస్కెట్ ప్యాకెట్ చేతికిస్తే చింపలేకపోయాడు. కవరు అంచు పట్టుకుంటాడు, వేళ్లు వణుకుతాయి, జారిపోతుంది. మళ్లీ పట్టుకుంటాడు. ఒళ్లంతా చల్లటి చెమట. వెనక్కి వెళ్లిపోదామంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ప్యాకెట్ నేనే చింపి ఇస్తే వద్దన్నాడు. నీళ్ల సీసాలో పంచదార కలిపి, గుక్క గుక్కగా దగ్గరుండి తాగించాను. పావుగంట దాటాక తల ఎత్తి, "ఇంకెంత దూరం రా?" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు అడిగితే ఎండదెబ్బ అంటాడు. అందరికీ అలాగే చెబుతున్నాడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పొద్దున్నుంచి సరిగ్గా తినలేదు అన్న మాట మాత్రం రాదు. ఎండే కారణమైతే, అదే గట్టు మీద, అదే ఎండలో, పంచదార నీళ్లకి ఎలా తేరుకున్నాడు?

మన ఒంట్లో పిండిపదార్థం నిల్వ చాలా తక్కువ. కండరాల్లో 400 నుంచి 500 గ్రాములు, కాలేయంలో ఓ 100 గ్రాముల గ్లైకోజెన్, అంటే ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం. గట్టిగా తొక్కితే గంటన్నర, రెండు గంటల్లో అడుగంటుతుంది. కొవ్వు బోలెడు ఉంటుంది కానీ అది నెమ్మదిగా కరుగుతుంది, ఎక్కుడు మీద అడిగినంత వేగంగా అందదు. మెదడు నడిచేది ముఖ్యంగా గ్లూకోజ్ మీదే కాబట్టి రక్తంలో అది పడిపోతే కాళ్లతోపాటు మనిషి తీరు కూడా మారిపోతుంది. ఆ విసుగూ ఆ ఏడుపూ అందుకే.

1966లో బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ అని ఇద్దరు స్వీడన్ డాక్టర్లు తమ మీదే ప్రయోగం చేసుకున్నారు. ఒకే వ్యాయామ సైకిల్‌కి చెరోవైపు కూర్చుని, ఒక్కొక్కరు ఒక్క కాలితో అలసిపోయేదాకా తొక్కారు. తర్వాత పిండిపదార్థాలు బాగా తింటూ, రెండు తొడల కండరాల్లోంచీ ముక్కలు తీసి చూసుకున్నారు. కొన్నాళ్లకి తొక్కిన కాల్లో గ్లైకోజెన్, తొక్కని కాలికి దాదాపు రెట్టింపు చేరింది. అలిసిన కండరం అంత ఆత్రంగా నింపుకుంటుందన్నమాట. బావేమో దిగగానే స్నానం చేసి, రెండు ముద్దలు తిని పడుకుంటాడు! మర్నాడు పొద్దున్నే కాళ్లు బరువుగా ఉన్నాయంటాడు.

ఈ కోపంలోనే ఆయన కోసం ఒక పట్టిక మొదలుపెట్టాను. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం. మోస్తరు అరటిపండులో పాతిక గ్రాముల పైచిలుకు ఉంటుంది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిపి తీసుకుంటే పేగు రెండింటినీ వేరువేరు దారుల్లో లోపలికి తీసుకుంటుంది కాబట్టి 90 దాకా వెళ్లొచ్చు...

అక్కడ చెయ్యి ఆగింది. ఆ 90 పందేలు తొక్కేవాళ్ల లెక్క, అది కూడా పొట్టకి అలవాటు చేసుకున్నాక. మేం బ్యాగులు కట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ వెళ్లేవాళ్లం. ఆ వేగంలో ఒంటికి కావలసిన శక్తిలో మంచి భాగం కొవ్వు నుంచే వస్తుంది. ఎక్కుళ్లు లేని రోజు బావ పద్ధతిలో వెళ్లినా పెద్దగా ఇబ్బంది ఉండదేమో. లెక్కలెందుకు అంటే నేనే ఎక్కువ ఉడుక్కున్నానా?

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఆ రోజు మా దగ్గరున్నవన్నీ తీపే. తీపి బిస్కెట్లు, తీపి డ్రింకు, ఖర్జూరాలు. ఎండలో కష్టపడుతున్నప్పుడు రక్తం కండరాలకీ చర్మానికీ మళ్లుతుంది, పొట్టకి తగ్గుతుంది. అప్పుడు తీపి చూస్తేనే వెగటు. బావ మొండితనమని ఇన్నాళ్లూ అనుకున్నది నిజంగా ఆ వెగటే కావచ్చు. ఆకలి వేయట్లేదని రెండుసార్లు అన్నాడు కూడా, పాపం. ఎండదెబ్బ అన్న మాటలో కొంత నిజం ఉన్నట్టే. అయినా తినలేదన్నది ఒప్పుకోవాలి, ఆ విషయంలో నేను తగ్గను.



పట్టిక చింపేశాను. ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంప ముక్కలు తినగలడేమో రేపు అడగాలి. మెత్తగా ఉంటాయి, తీపి కాదు, ఒక చేత్తో నోట్లో వేసుకోవచ్చు. చెమట ధారగా కారుతున్నప్పుడు సీసాల కొద్దీ ఉత్త నీళ్లు తాగినా రక్తంలో సోడియం పలచబడి ప్రమాదం కాబట్టి ఉప్పు ఎలాగూ కావాలి. వెనక బ్యాగులో పెడితే దిగి తీసుకోవాలి, బావ దిగడు. ఆయన హ్యాండిల్‌కే చిన్న సంచి కట్టిస్తాను. రాత్రి భోజనం సంగతి మాత్రం అక్కతో చెప్పించాలి, నా మాటకన్నా ఆమె మాటే వింటాడు.