కోరంగి మడల్లో ఇవాళ

భాద్రపదం వచ్చేసరికి కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవి కాలవల్లో నీళ్ళ రంగు మారిపోతుంది. గోదారి ఎర్రనీరు దిగి ఉప్పు తగ్గుతుంది. తెల్ల మడ చెట్ల కాయలు రాలిపడేదీ ఈ రోజుల్లోనే. ఏడాది మొత్తంలో నాకు బాగా ఇష్టమైన పని కాలం ఇది.

పొద్దున్నే పోటు మీద, అంటే సముద్రపు నీళ్ళు పైకెక్కే వేళ, నావలో బయల్దేరాం. "పాటు తియ్యకముందే వచ్చెయ్యాలండి, లేకపోతే నావ బురదలో కూకుండిపోద్ది" అన్నాడు నావ నడిపే బాబాయ్. పాటంటే ఆ నీళ్ళు వెనక్కి దిగిపోవడం. పది మీటర్ల చదరానికి తాడు కట్టి చెట్ల చుట్టుకొలతలు రాసుకున్నాను. తెల్ల మడకి రొమ్ము ఎత్తులో టేపు చుడితే సరిపోతుంది. ఉప్పు పొన్న అనే ఇంకో రకం మడ చెట్టుకి మాత్రం అన్నిటికన్నా పైనున్న ఊడవేరు వెతికి, దానికి 30 సెంటీమీటర్ల పైన కొలవాలి. తిల్ల చెట్టు దగ్గర చేతొడుగులు వేసుకోవాల్సిందే, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

మధ్యాహ్నం అంతా చౌటి నేల మీదే గడిచింది. ఎప్పుడో అక్కడి చెట్లు నరికేశారు. నీడ పోయాక నేల ఎండి, కుంగి, పళ్ళెంలా పల్లం పడింది. పెద్ద పోటుకి లోపలికొచ్చిన నీరు తిరిగి పోలేక అక్కడే ఎండిపోతుంది, ఉప్పు పేరుకుంటుంది. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుంటే, ఈ నేలలో ఊరిన నీటిలో అంతకన్నా ఎక్కువే. తెల్ల మడ చెట్టు ఆకు మీది గ్రంథుల గుండా ఉప్పు బయటికి తోసేయగలదు, ఎండపూట ఆకు నాకితే తెలుస్తుంది. కానీ ఇంత ఉప్పు దాని లేత మొలక ఓర్చుకోలేదు. ఇలాంటి చోట వరసలుగా మొక్కలు నాటి, ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతుంటే నాకు కడుపు రగిలిపోతుంది. నాటాల్సింది తర్వాత. ముందు నీటికి రాకపోకల దారి కావాలి.

ఆ పల్లానికి అడ్డంగా చేపముల్లు ఆకారంలో తవ్విన పిల్లకాలవలు ఉన్నాయి. పోటు వాటిలోంచి వచ్చి ఉప్పు కడుక్కుని పాటుతో పోతుంది. ఒక కాలవ అంచున మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. పై తొక్క ఊడిన తెల్ల మడ కాయ ఒకటి బురదకి అతుక్కుని ఉంది. మడతపడిన రెండు బద్దలూ పచ్చగా విచ్చుకుంటున్నాయి, కింద నూగున్న వేరు అప్పుడే మట్టిని పట్టుకుంది. పక్కనే ఇంకొన్ని. ఎవరూ నాటినవి కావు, నీళ్ళే తెచ్చాయి. చాలాసేపు అక్కణ్ణుంచి లేవబుద్ధి కాలేదు. బాబాయ్ రెండోసారి కేకేశాకే లేచాను.

అయితే కాలవ చివర పూడిక కనబడింది. అమావాస్య పోటుకి మళ్ళీ వెళ్ళి నీళ్ళు అక్కడిదాకా ఎక్కుతున్నాయో లేదో చూడాలి. ఎక్కకపోతే ఎండలు ముదిరేలోపే తవ్వించమని ఊళ్ళో వాళ్ళతో కలిసి వెళ్ళి అడగాలి.